స్కోరు రాసే పిల్లలు ఆడేదెప్పుడు?

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద పీడీగా, అంటే ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్‌గా చేస్తున్నాను. మా దగ్గర వైకల్యం ఉన్న విద్యార్థులు పదకొండు మంది. నలుగురికి కాళ్ల సమస్య, అందులో ఒకమ్మాయి వీల్‌చైర్‌లో వస్తుంది. ముగ్గురికి చూపు సమస్య, వారిలో ఒకబ్బాయికి అసలే కనిపించదు. ఇద్దరికి వినపడదు. ఒకబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగ్గా మాట వినవు. ఇంకొకతనికి కుడి చెయ్యి మోచేతి వరకే ఉంది. గేమ్స్ పెట్టినప్పుడల్లా వీళ్లను వేపచెట్టు కింద కూర్చోబెట్టి స్కోరు రాయిస్తాం. మొన్న ఆ చెయ్యి లేని అబ్బాయి, "మేడమ్, స్కోరు రాసుడు మాకు మస్తు వచ్చింది. ఆడుడు ఎప్పుడు?" అని నవ్వుకుంటూ అడిగాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రిన్సిపాల్ గారిని కదిపితే, "దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత? బడ్జెట్ ఏది?" అన్నారు. నాకు ఈ ఆటల్లో ట్రైనింగ్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలనిపించింది. నేను పాలమూరు జిల్లాలో ఏళ్ల తరబడి పీడీగా చేశాను. అచ్చంపేట వైపు నుంచి ఒక పోలియో పిల్లవాడు చంకకర్రల మీద కాలేజీకి వచ్చేవాడు. స్పోర్ట్స్ డే నాడు పరుగు పందెం చివర తాడు పట్టుకునే పని వాడికిచ్చేవాడిని. మంచి పనే చేస్తున్నాననుకునేవాడిని. చాలా ఏళ్లకు మహబూబ్‌నగర్ బస్టాండులో కలిశాడు. చాయ్ తాగుతూ, "సార్, మూడేండ్లు తాడు పట్టిన. ఆడతవా అని ఒక్కసారన్న అడగకపోతిరి" అన్నాడు. కోపంగా కాదు, ఊరికే అన్నాడు. నేను చాయ్ పైసలిచ్చి బస్సెక్కాను. ఇంతకన్నా మంచి జవాబు ఆ రోజు నా దగ్గర లేదు.

మిమ్మల్ని మీ విద్యార్థే అడిగాడు. కాబట్టి నాకన్నా మీరు ముందే ఉన్నారు.

మొదటి పని ఆట ఎంచుకోవడం కాదు, సామాను కొనడం అంతకన్నా కాదు. టైమ్ టేబుల్లో ఒక గంట సంపాదించండి. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన దగ్గర ఇలాంటివి చాలావరకు ఇక్కడే చచ్చిపోతాయి. కాలేజీ అయిపోయాక నాలుగున్నరకు ప్రాక్టీస్ అని పెట్టారనుకోండి, ఎవరూ ఉండరు. వాళ్ల ఊరి బస్సు నాలుగింటికో ఐదింటికో ఉంటుంది, అది పోతే ఇంకోటి దొరకదు. మామూలు పిల్లలైతే ఎవరి బండి మీదో ఎక్కి పోతారు. వీల్‌చైర్ అమ్మాయి నాన్న ఆటో తెచ్చుకుని గేటు దగ్గర కాచుకుని ఉంటాడు. ఆయన కిరాయి పోతుంటుంది. అందుకే క్లాసులు నడిచే వేళలోనే వారానికి రెండు రోజులు, రోజుకు ఒక గంట, పరీక్షలప్పుడు తప్ప మారని గంట కావాలి. టైమ్ టేబుల్లో 'గేమ్స్' అని రాసి ఉండి, సిలబస్ కాలేదని వేరే సబ్జెక్టు వాళ్లు లాక్కునే గంట మీ కాలేజీలోనూ ఉండే ఉంటుంది. దాన్నే అడగండి.

డిసెంబర్ 3, వికలాంగుల దినోత్సవం వచ్చిందంటే ట్రైసైకిల్ పందెం, కుర్చీలాట, ఒక శాలువా, ఒక గ్రూప్ ఫొటో. వాటిని నేనేమీ తిట్టను, నేనూ పెట్టినవాణ్నే. కానీ ఏడాదికి ఒకరోజు ఆడితే ఒంట్లోకి ఏ ఆటా దిగదు. ప్రిన్సిపాల్ గారికి మీరు చెప్పాల్సింది కూడా ఇదే. మీరు ప్రోగ్రామ్ అడగడం లేదు, పీరియడ్ అడుగుతున్నారు.

రెండోది, పదకొండు మందినీ విడివిడిగా కలవండి. వైకల్య సర్టిఫికెట్‌లో ఎంత శాతం ఉందో అడగకండి. ఏం ఆడాలని ఉంది, ఏం భయం, ఎక్కడ నొప్పి, ఏ టైమ్‌కు బస్సు అని అడగండి. ఆ సర్టిఫికెట్, 40 శాతం లెక్క రిజర్వేషన్‌కూ పెన్షన్‌కూ కావాలి. బంతి కొట్టడానికి ఎందుకు? 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బులు కూడా ఉన్నాయి. అవి బయటికి కనిపించవు. మీ లెక్క పదకొండు దగ్గర ఆగదు, చూడండి. పేరు ఇవ్వడానికి మొహమాటపడే వాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆట మొదలయ్యాక మెల్లగా వస్తారు.

నా రోజుల్లో ఇలాంటి పిల్లలంటే ఎక్కువగా పోలియో వాళ్లే. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. ఇప్పటి డిగ్రీ పిల్లల్లో పోలియో వాళ్లు చాలా అరుదు. హైవే మీద బైకు ప్రమాదాల్లో కాలు పోయినవాళ్లు, సెంట్రింగ్ మీది నుంచి పడి నడుము దెబ్బతిన్నవాళ్లు, పుట్టినప్పుడు ప్రాణవాయువు అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చినవాళ్లు, చూపు తక్కువైనవాళ్లు ఇప్పుడు కనబడతారు. అందుకే పాతకాలం ట్రైసైకిల్ పందెం వీళ్లలో సగం మందికి పనికే రాదు.

ఇక ఆట సంగతి. మీ చోట నేనుంటే నేల మీద కూర్చుని ఆడే సిట్టింగ్ వాలీబాల్‌తో మొదలుపెడతాను. వాలీబాల్ తెలియని ఊరు మన జిల్లాల్లో లేదు, కొత్తగా చెప్పాల్సింది తక్కువ. 1956లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఆట ఇది, 1980 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. కోర్టు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. మామూలు కోర్టులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ చోటు చాలు. నెట్ ఎత్తు మగవాళ్లకు 1.15 మీటర్లు, ఆడవాళ్లకు 1.05. అందరూ కలిసి ఆడేటప్పుడు 1.10 దగ్గర కట్టుకోండి, మిమ్మల్ని అడిగేవాళ్లు లేరు. జట్టుకు ఆరుగురు. బంతిని తాకేటప్పుడు పిర్రలు నేల మీద ఆని ఉండాలి. వెనక లైన్లో పడే బంతిని కాపాడేటప్పుడు ఒక్క క్షణం లేస్తే మాఫీ. సర్వీసును నెట్ దగ్గరే బ్లాక్ చేయొచ్చు. మామూలు వాలీబాల్లో అది కుదరదు. ఈ ఒక్క రూల్‌తోనే ఆట ఎంత గమ్మత్తుగా మారుతుందో చూస్తారు.

ఈ పదకొండు మందినే విడిగా కూర్చోబెట్టి ఆడించకండి. కాలేజీ వాలీబాల్ టీమును కూడా కింద కూర్చోబెట్టండి. లేచి ఎగిరి కొట్టే మొనగాళ్లు కింద కూర్చుంటే బంతి ఎక్కడో, చెయ్యి ఎక్కడో. ఈ ఆటలో చేతులే కాళ్లు. చేతుల మీద జరుగుతూ పోవాలి, మళ్లీ అవే చేతులతో బంతి కొట్టాలి. చిన్నప్పటి నుంచి ఇంట్లో చేతుల మీద జరిగి అలవాటైన పిల్లలకు ఈ విద్య ముందే వచ్చు. మొదటి వారం మీ కెప్టెన్ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సి వస్తుంది. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

నేల ఒక్కటి జాగ్రత్త. మన గ్రౌండ్లలో మొరం ఉంటుంది, జరిగితే తొడలు గీసుకుపోతాయి. తార్పాలిన్ పరిస్తే జారుతుంది, జంపఖానా పరిస్తే ముడతలు పడి చేతులకు తట్టుకుంటుంది. సెమినార్ హాల్లో కుర్చీలు పక్కకు జరిపి ఆ నున్నటి నేల మీద చాక్‌పీసుతో గీతలు గీయడమే మేలు. అందరూ మందపాటి ట్రాక్ ప్యాంటు వేసుకోవాలి. వీల్‌చైర్ అమ్మాయి కిందికి దిగి ఆడగలదా లేదా అన్నది ఆమెనే అడగండి. నడుములో పట్టు ఉంటే ఆడగలదు. వెన్నెముక దెబ్బతిని కింది భాగంలో స్పర్శ లేకపోతే మాత్రం మెత్త లేకుండా నేల మీద కూర్చోబెట్టకండి. పుండు పడినా ఆమెకు తెలియదు. ఆమె చెప్పకుండా ఎవరూ ఎత్తొద్దు. ఎలా పట్టుకోవాలో, ఎవరు పట్టుకోవాలో ఆమె చెప్పినట్టే చేయండి.

చూపు లేని అబ్బాయికి బంతి కనిపించదు కాబట్టి వాలీబాల్ కుదరదు. ఆయనకు గోల్‌బాల్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో పుట్టిన ఆట. జట్టుకు ముగ్గురు. కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. గోలు కోర్టు వెడల్పంతా ఉంటుంది. 1.25 కిలోల బంతిలో గంటలుంటాయి. నేల మీద దొర్లించి విసురుతారు, అవతలివాళ్లు చప్పుడు విని అడ్డం పడుకుని ఆపుతారు. గీతలు చేతికి తగలాలి కనుక సుతిలి పరిచి దాని మీద టేపు అంటిస్తారు. అసలు బంతి వచ్చేదాకా పాత బాస్కెట్‌బాల్‌ను గలగలమనే ప్లాస్టిక్ కవర్లో కట్టి వాడుకోండి, చప్పుడు బాగానే వస్తుంది. అందరి కళ్లకూ గంతలు కట్టాలి, చూపున్నవాళ్లకు కూడా. అప్పుడు ముగ్గురిలో కొద్దిగా కనిపించే ఇద్దరికీ, అసలు కనిపించని వాడికీ తేడా ఉండదు. అసలు కష్టం చూసేవాళ్లతోనే. గోలు పడేదాకా గప్‌చుప్‌గా ఉండాలి. ఈల వెయ్యకుండా ఆట చూడమంటే మన పిల్లలకు ప్రాణం మీదికొస్తుంది, అయినా నేర్చుకుంటారు.

అంధుల క్రికెట్ గురించి వాళ్లు తప్పక అడుగుతారు. లోపల బేరింగులున్న బంతిని కింది నుంచి వేస్తారు. పదకొండు మందిలో నలుగురు పూర్తిగా చూపు లేనివాళ్లు ఉండి తీరాలి, వాళ్లు కొట్టిన పరుగులకు రెట్టింపు లెక్క. భారత జట్టుకు కెప్టెన్‌గా చేసిన అజయ్ కుమార్ రెడ్డి మన పక్క గుంటూరు వైపు తెలుగువాడే, ఆయనకు అర్జున అవార్డు కూడా వచ్చింది. కానీ మీ దగ్గర ముగ్గురే ఉన్నారు. జట్టు కావాలంటే జిల్లాలోని నాలుగైదు కాలేజీలు కలవాలి. అది వచ్చే ఏడాది మాట.

వినపడని ఇద్దరికీ కొత్త ఆట అక్కరలేదు. వాళ్లను నేరుగా కాలేజీ టీములో తీసుకోండి. విజిల్‌తో పాటు జెండా ఊపితే చాలు. కెప్టెన్ పది సైగలు నేర్చుకోవాలి, అదీ వాళ్ల దగ్గరే. వీళ్లు పారాలింపిక్స్ కిందికి రారు. 1924 నుంచి వాళ్లకు డెఫ్లింపిక్స్ అని వేరే ఉంది. చెయ్యి లేని అబ్బాయి కూడా అంతే. ఖో-ఖో, పరుగు, బ్యాడ్మింటన్ అందరితోనే ఆడగలడు. ఇన్నాళ్లూ స్కోరు ఎందుకు రాయించారో నాకర్థం కాలేదు కానీ, నా తాడు సంగతి గుర్తొచ్చి ఇంక ఏమీ అనను.

సెరిబ్రల్ పాల్సీ అబ్బాయికి బోచా చూపించండి. పేరే కొత్త. మనం చిన్నప్పుడు ఆడిన గోటీలాట లాంటిదే. ఒక తెల్ల బంతిని ముందు వేస్తారు. ఆరు ఎర్ర బంతులు ఒకరివి, ఆరు నీలం బంతులు ఇంకొకరివి. తెల్లదానికి ఎవరి బంతి దగ్గరగా ఉంటే వాళ్లకు పాయింటు. కుర్చీలో కూర్చునే ఆడతారు. చెయ్యి ఆడనివాళ్లు వాలుగా పెట్టిన గాడిలోంచి బంతిని వదలొచ్చు. పీవీసీ పైపును నిలువుగా చీలిస్తే ఆ గాడి తయారు. అసలు బంతి 275 గ్రాములు ఉంటుంది, మెత్తగా ఉంటుంది, ఎక్కువ దొర్లదు. కొనే స్తోమత వచ్చేదాకా గట్టి గుడ్డలో జొన్నలు పోసి దర్జీ చేత కుట్టించండి. ఎలుకలకు అందకుండా డబ్బాలో పెట్టండి.

వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ గురించి ఎవరో ఒకరు ముచ్చటపడతారు, ఫొటోలు బాగా వస్తాయి కదా. ఇప్పుడే వద్దు. ఆటకు వాడే కుర్చీ చక్రాలు కింద వెడల్పుగా, వాలుగా ఉంటాయి, వెనక్కు పల్టీ కొట్టకుండా చిన్న చక్రం ఉంటుంది. ప్రభుత్వ క్యాంపులో ఇచ్చే మామూలు కుర్చీలో ఆ ఆట ఆడితే కుర్చీ విరుగుతుంది, దాంతో పాటు ఆ అమ్మాయి కాలేజీకి వచ్చే దారీ పోతుంది.

ప్రిన్సిపాల్ గారి భయం కొట్టిపారేసేది కాదు. 2016 చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు ఈ విద్యార్థులకు చదువుతో పాటు ఆటల్లో కూడా మిగతావారితో సమానంగా అవకాశమివ్వాలి. 30వ సెక్షన్ పూర్తిగా ఆటల గురించే. కానీ చట్టం కాగితం తీసుకుని గదిలోకి వెళ్లకండి. ముందు జాగ్రత్తల కాగితం పెట్టండి, చట్టం మాట చివర్లో చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకూ ఫిజియోథెరపిస్టుకూ ఒక్కొక్కరినీ చూపించి, ఎవరు ఏం చేయకూడదో రాయించుకోండి. 18 నిండినవాళ్లు తామే సంతకం చేస్తారు, నిండనివాళ్లకు తల్లిదండ్రులు. ప్రథమ చికిత్స పెట్టె, దగ్గర్లో బండి, ఫోన్ నంబర్ల కాగితం ఉండాలి.

మన ప్రాంతానికి చెందిన రెండు సంగతులు డాక్టరుకు మీరే గుర్తు చేయండి. ఒకటి ఫ్లోరోసిస్, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పిల్లలుంటే అడగండి. భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది కానీ, చిన్నప్పుడు బోరు నీళ్లు తాగినవాళ్లలో కొందరి కీళ్లు, నడుము బిగుసుకుని ఉండొచ్చు. ఫ్లోరోసిస్ ముదిరితే ఎముక ఎక్స్‌రేలో చిక్కగా కనబడుతుంది, కానీ పెళుసు. అలాంటివాళ్లకు దూకుళ్లు, తోపులాట వద్దు, బోచా హాయి. రెండోది ఎండ. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు దెబ్బ కింది భాగంలో చెమట సరిగ్గా పట్టదు, ఒళ్లు చల్లబడదు. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు నీళ్లు తగ్గితే నొప్పులు విరుచుకుపడతాయి. మన నల్లగొండ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? దసరా తర్వాత మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా గట్టిగా ఆడించండి. మార్చి నుంచి పొద్దున మొదటి గంటకు జరపండి, లేదంటే హాల్లోనే.

నీళ్ల మాట వచ్చింది కనుక ఒకటి అడుగుతాను. ఆ వీల్‌చైర్ అమ్మాయి కాలేజీలో నీళ్లు తాగుతుందా? నాకు తెలిసి ఇలాంటి అమ్మాయిలు చాలామంది పొద్దున్నించి సాయంత్రం దాకా గుక్కెడు కూడా తాగరు. బాత్రూమ్‌కు పోలేరు కాబట్టి. తలుపు సన్నగా ఉంటుంది, గడప ఎత్తుగా ఉంటుంది, లోపల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఆట ఆడించి చెమట పట్టిస్తే పాపం మనదే. మీకు ఏ కొద్ది డబ్బు దొరికినా మొదటి రూపాయి ఆ బాత్రూమ్ తలుపుకూ, లోపలి కడ్డీకీ, గ్రౌండ్ దాకా సిమెంటు దారికీ పెట్టండి. బంతుల సంగతి తర్వాత.

డబ్బుకు కాలేజీ గేమ్స్ ఫీజులో వాటా అడగండి. ఈ పదకొండు మందీ ఆ ఫీజు కట్టారు కదా, మరి వాళ్ల వాటా ఏమైంది? దగ్గర్లో సిమెంటు ఫ్యాక్టరీయో, మందుల కంపెనీయో ఉంటే సీఎస్‌ఆర్ కింద, అంటే కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టే డబ్బులోంచి అడగొచ్చు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో పారాలింపిక్ క్రీడల శిక్షణ పేరుతో సహా ఉంది. అడిగేటప్పుడు ముందే మూడు నెలల హాజరు పట్టిక చూపిస్తే పని తొందరగా అవుతుంది.

పతకాల మాట ఎవరో ఒకరు తెస్తారు. మన వరంగల్ వైపు కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. ఆమెది మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగం, దాన్ని టీ20 అంటారు, క్రికెట్ టీ20 కాదు. కోచ్ నాగపురి రమేశ్ ఆమె పరుగు చూసి తీసుకెళ్లి తర్ఫీదు ఇచ్చాడు. ఈ కథ పిల్లలకు ఒకసారి చెప్పండి, వారం వారం చెప్పకండి. ఆడుకోవడానికి వచ్చిన పిల్లవాడికి ప్రతిసారీ పతకం చూపిస్తే అదొక టెన్షన్. నిజంగా చురుకైనవాళ్లు కనిపిస్తే రాష్ట్ర పారా క్రీడల సంఘం ట్రయల్స్‌కు తీసుకెళ్లండి. 2023 నుంచి ఖేలో ఇండియా పారా గేమ్స్ కూడా ఉన్నాయి. అక్కడ క్లాసిఫికేషన్ అని ఉంటుంది, ఎవరు ఏ విభాగమో డాక్టర్లు, ఆట తెలిసినవాళ్లు కలిసి తేలుస్తారు. ఫైలులో డాక్టరు కాగితాలన్నీ ఉంచుకోండి.

ఇంట్లోవాళ్లు వస్తారు, "పడితే ఎట్ల మేడమ్?" అంటారు. వాదించకండి. ఆ గంటలో వచ్చి ఒకసారి కూర్చోమనండి. ఆటో ఆపుకుని ఆ నాన్నను కూడా లోపలికి పిలవండి.

మీరు కాంట్రాక్టు మీద ఉన్నారు, రేపు రెన్యువల్ కాకపోవచ్చు. అందుకని ఏదీ మీ ఒక్కరి చేతిలో పెట్టుకోకండి. హాజరు పుస్తకం, సామాను తాళం, హాలు బుకింగ్ ఈ పదకొండు మందిలో ఇద్దరికీ, ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లలో ఇద్దరికీ అప్పజెప్పండి. రూల్స్ తెలుగులో రాసి గోడకు అంటించండి. కొత్త పీడీ వచ్చినా గంట ఆగదు.

మొదటి రోజు స్కోరు పుస్తకం మీ వాలీబాల్ కెప్టెన్ చేతికివ్వండి. రాయడం రాదంటే, నేర్పడానికి పదకొండు మంది ఉన్నారు.